ఒక్క చుక్క మిషన్ నూనె

నేను డిగ్రీ పాసయ్యాను. బీఎస్సీ, కెమిస్ట్రీ. ఈ ముక్క ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే లెక్క లేదు. అనంతపురం నుంచి శింగనమల వచ్చే బస్సులో కండక్టరుకు కూడా చెప్పాను. ఆయన టికెట్ చింపుతూ, "సంతోషమేలేమ్మా. యాడ దిగల్లో అది చెప్పు ముందు" అన్నాడు. చుట్టుపక్కల సీట్లవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మా నాయన వేలిముద్ర వేసే మనిషి. మా అమ్మ బస్సు బోర్డు చదవలేదు, డ్రైవరు మొహం చూసి ఎక్కుతుంది. మా ఇంట్లో ఇంతకుముందు పదో తరగతి దాటినవాళ్ళు లేరు. అలాంటప్పుడు కండక్టరుకు చెప్పకుండా ఎలా ఉంటాను?

ఫలితాలు వచ్చిన పూట హాస్టలు మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. "మా, పాసయినా!" అన్నాను. అవతల అమ్మ వేసిన కేకకు ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "పాప పాసయ్యిందంటప్పా! మా పాప పాసయ్యిందంట!" అని వీధిలో పోయేవాళ్ళందరికీ చెప్తోంది. నేను ఇటు మెట్ల మీద ఒక్కదాన్నే నవ్వుకుంటూ వింటున్నాను. కాసేపటికి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది. గొంతు తగ్గించింది.

"పాపా, ఇంగో మాట. జేజి పోయింది. పోయిన మంగళారం. రిజల్టు వచ్చేదాంక నీకి చెప్పొద్దని నేనే అన్న్యా."

ఎలా పోయిందని అడగాలి కదా. నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"చాకు యాడుండాది మా?"

"ఆ పాడు చాకు నీకేంటికే?" అంది అమ్మ.

నాలుగేళ్ళుగా మా ఊరు దాన్ని పాడు చాకు అనే అంటోంది. పాడు చేసింది నేను. అది జేజికి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

జేజి నాకు చుట్టం కాదు. ఊరందరికీ జేజే, అంటే అవ్వే. ముసలివాళ్ళు కూడా ఆమెను జేజీ అనే పిలిచేవాళ్ళు. పేరు ఉండే ఉంటుంది, రేషన్ కార్డులో. నేను ఎప్పుడూ అడగలేదు. గొర్రెలు కాసేది. ఎండ మాడ్చేసే నెలల్లో కూడా భుజాన కంబళి ఉండేది. నడుముకు నల్ల దారం, దారానికి చాకు. బర్రెకొమ్ము పిడి, జానెడు కూడా లేని అలుగు, మడిస్తే అరచేతిలో దాగిపోయేది.

ఆమె మనుషుల మొహం చూసేది కాదు. మనిషి మీద వేలాడేది చూసేది. కొంగు, చున్నీ, జడ కుచ్చులు, మెడలో తువ్వాలు, చేతికి చుట్టుకున్న పగ్గం. నేను పరుగెత్తుకుంటూ ఎదురొస్తే ఆమె కళ్ళు నా చున్నీ చివరలతో పాటు కదిలేవి. అప్పుడు ఆమె చెయ్యి నడుము దగ్గరికి పోయేది. చాకు ఉందా లేదా అని తడుముకునేది. ఏమీ జరగకముందే ఆ చెయ్యి అలా కదలడం చూస్తే, నిజంగానే ఏదో జరగబోతోందని మెడ వెనక సన్నగా చలి పుట్టేది. మా స్నేహితురాళ్ళు కొందరు ఆమె వస్తుంటే పక్క సందులోకి తిరిగేవాళ్ళు.

ఎవరైనా ఎద్దు పగ్గాన్ని మణికట్టుకు చుట్టుకుని నడుస్తుంటే చాలు, ఆమె ఆగిపోయేది.

"ఎన్ని సుట్లు సుట్టుకున్యావు?"

"రెండే జేజీ."

"అది బెదిరి పరిగెత్తితే నీకి ఎన్ని సుట్లు ఇప్పుకొనే టైము ఉంటాదో లెక్క పెట్టుకున్యావా?"

ఎద్దు పిల్లిలా నడుస్తుంటుంది. అయినా ఆ మాట విన్న మనిషి చుట్లు విప్పేసుకునేవాడు. విప్పేసుకుని, నాలుగడుగులు పోయాక తిట్టుకునేవాడు: "పొద్దున్నే ఈయమ్మ నోట్లో పడితిని."

ముఖ్యంగా నైలాన్ చీరలంటే ఆమెకు పడేది కాదు. "నూలుచీర మంచిది. లాగితే చిరుగుతాది, మనిషిని ఇడ్సిపెడ్తాది. ఈ నైలాను చిరగదమ్మే. మనిషినే చింపుతాది" అనేది. మా అమ్మ ఆ మాటకు నవ్వేది. "జేజీ, పామిడికి పోయి నాకొక నూలుచీర తీసియ్యి, కట్టుకుంటా" అనేది. జేజి నవ్వేది కాదు. ఆమె చూపు అమ్మ కొంగు మీదే ఉండేది.

ఆ చాకుతో ఆమె ఏం చేసేదో చెప్పాలి. గొర్రెల గిట్టలు చెక్కేది. కంపలో చిక్కుకున్న ఉన్నిని కోసి గొర్రెను విడిపించేది. ఈత కష్టమైన గొర్రెకు పిల్ల మెడ చుట్టూ పేగు పడితే కోసేది. ఇంతే. వక్క కత్తిరించడానికి ఎవరైనా అడిగితే ఇచ్చేది కాదు. మామిడికాయ కోసుకుంటామంటే ససేమిరా అనేది. "పులుపు ఇనుముకి శత్రువు" అని ఒకటే మాట. చాకును చూసుకోవడం మాత్రం ఆమెకు రోజూ ఉండే పని. గొర్రెలు దొడ్లో చేరాక, పొద్దు ఇంకా ఉండగానే, ఇంటి ముందు బండ మీద కూర్చునేది. నేను ఇంటర్ చదివే రోజుల్లో బస్సు దిగి ఇంటికి పోయే దారి అదే. పుస్తకాల సంచీ పక్కన పెట్టి కూర్చునేదాన్ని. ఎందుకంటే చెప్పలేను. భయం వేసే మనిషి దగ్గర కూర్చోవడంలో ఏదో ఉంది.

ముందు చాకు తెరిచి, నోరు కిందికి పెట్టి, పిడిని అరచేతికి తట్టేది. మా నేలలో దుమ్ము ఎక్కడికైనా దూరుతుంది. పెట్టె తాళంలోకి, గడియారంలోకి, ఉడికిన సంగట్లోకి. చాకు మడిచే సందులోంచి ఎర్రటి పొడి రాలేది. రాలనిది చీపురుపుల్లతో గీకి తీసేది. నేనొకసారి ఉఫ్ అని ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊదొద్దు. నోట్లో తడి ఉండాది. ఆ తడి లోపలికి పోయి కూర్చుంటాది. తుప్పు యాడ పుట్టేదీ అంటే ఆడనే."

వారానికోసారి కుంకుడుకాయ పిండిన వేడినీళ్ళలో ముంచి, లోపల పాత నూనె అంతా పోయేలా తెరిచి మూసి, తెరిచి మూసి, గుడ్డతో తుడిచి, ఎండకు కాలిన బండ మీద పెట్టేది. చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా అక్కడే ఉండాలి. తడి లేదని నమ్మకం కలిగాక నూనె. ఒక పాత కంటిచుక్కల సీసా ఉండేది ఆమె దగ్గర. అందులో కుట్టుమిషన్ నూనె, టైలరు పోసిచ్చింది. కోడి ఈక మొనను ఆ సీసాలో ముంచి, మడత కీలు దగ్గర ఒకే ఒక్క చుక్క వదిలేది. చుక్క లోపలికి పాకేదాకా కళ్ళార్పకుండా చూసేది. తర్వాత తెరవడం, మూయడం, ఇరవై సార్లు. కీలులోంచి నల్లగా కారేది. తుడిచేది. నల్లగా కారడం ఆగేదాకా తుడిచేది. చివర పొడిగుడ్డతో అలుగంతా తుడిచి, వేలితో రాసి చూసుకునేది.

"నూనె కంటికి కనపడిందీ అంటే ఎక్కువైనట్ల. ఎక్కువైతే దుమ్ము పట్టుకుంటాది. దుమ్మూ నూనే కలిస్తే ఏమయ్యేదీ?"

"బురద" అన్నాను.

"బురద కాదే. ఆకురాయి పొడి. లోపల్లోపల్నే తినేస్తాది."

అన్నీ అయ్యాక పరీక్ష. బొటనవేలి గోరు అలుగు మీది గాడిలో ఆనించి, ఒక్క ఎత్తు ఎత్తేది. టక్. మూసేది. మళ్ళీ టక్. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. అంత చిన్న చప్పుడుకు దొడ్లో గొర్రెలు తల ఎత్తి చూసేవి.

"తెర్సేది ఒక్కసారే పాపా. రెండోసారికి మనిషి ఉండడు."

ఎవరు ఉండకుండా పోయారు, ఎప్పుడు, ఎక్కడ అని నేను అడగలేదు. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళు ఎవరినో చూస్తున్నట్టు ఉండేవి. అడిగితే ఆ మనిషి బండ మీదికి వచ్చి మా మధ్య కూర్చుంటాడేమో అనిపించేది.

నా ఇంటర్ రెండో సంవత్సరంలో కార్తీకం దాటాక జేజికి జ్వరం పట్టింది. వారం రోజులు లేవలేదు. గొర్రెలను కోడలు తోలుకుపోయేది. నేను చూడ్డానికి వెళ్తే జేజి చేతులు వణుకుతున్నాయి. తలకింద నుంచి చాకు తీసి నా చేతిలో పెట్టింది. అంతకుముందు ఒక్కరోజు కూడా నన్ను తాకనివ్వలేదు.

"ఐదు రోజులాయ. నువ్వు సూసినావు కదా ఎట్ల చేసేదో. చేసుకోని రా. సీసాలో నూనె అయిపోయింది, టైలరుతాన పోసుకో."

ఎంత పొంగిపోయానో! ఊరిలో ఎవరికీ ఇవ్వనిది నాకిచ్చింది. ఇంటికి తెచ్చి అంతా ఆమె చేసినట్టే చేశాను. కుంకుడునీళ్ళు, గుడ్డ, బండ. టైలరు దగ్గరికి వెళితే కొట్టు మూసుంది. కూతురింటికి కొత్తచెరువు పోయాడు, రెండు రోజుల దాకా రాడన్నారు. చాకు ఎండలో పొడిగా తళతళలాడుతోంది. నాకు ఆగబుద్ధి కాలేదు. పొయ్యి పక్కన మా నూనె సీసా ఉంది. మా చేలో పండిన బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, మేమే గానుగకు తీసుకుపోయి ఆడించుకున్న నూనె. మా ఇళ్ళల్లో ఆ నూనె దేనికి వాడం? తలకు, దీపానికి, తలుపు బందులకు, పగిలిన మడమలకు, పసిపిల్లల ఒంటికి. అంతకంటే మంచి నూనె భూమ్మీద ఉందని మాకు తెలియదు. టైలరు నూనె కంటే ఇదే మేలు, చిక్కగా ఉంటుంది, ఎక్కువ రోజులు ఉంటుంది అనుకున్నాను. ఒక చుక్క వేశాను. ఎక్కువ ప్రేమతో ఇంకో చుక్క వేశాను.

ఇరవై సార్లు తెరిచి మూశాను. వెన్నలా కదిలింది. టక్ అంది. తీసుకుపోయి ఇచ్చాను. జేజి పడుకునే ఒకసారి తెరిచి చూసింది. "బాగ చేసినావు" అంది. టైలరు ఊళ్ళో లేడని నేను చెప్పలేదు. చెప్పడానికేముంది అనుకున్నాను.

ఆ తర్వాత పది పన్నెండు రోజులు గాలి తోలింది. పొడిగాలి. ఇంటి ముందు చల్లిన నీళ్ళు చూస్తుండగానే ఆరిపోయేవి, పగలంతా ఎర్రగా దుమ్ము లేచేది. జేజి లేచి తిరుగుతోంది గానీ ఇంకా నీరసమే. బండ మీద కూర్చోవడం మానేసింది. చాకు నడుముకు వేలాడుతోంది. మూసి ఉంది. నేను రోజూ ఆ దారినే పోతున్నాను, రోజూ దాన్ని చూస్తున్నాను. నాకేమీ తెలియదు.

చెట్ల నుంచి బుడ్డలు రాల్చే మిషన్ మా చేలోకి వచ్చింది. ట్రాక్టరు వెనక మిషన్, రెంటి మధ్యా గిర్రున తిరిగే ఇనుప కడ్డీ, షాఫ్టు అంటారు దాన్ని. మిషన్ తెచ్చినాయనే మిషన్‌కు పసుపు, కుంకం పెట్టి టెంకాయ కొట్టాడు. నాయన వామి మీద నిలబడి ఎండిన బుడ్డచెట్ల కట్టె అందిస్తున్నాడు. అమ్మ, నేను కింద. అమ్మ నైలాన్ చీర కట్టుకుంది, దుమ్ము అంటదని, ఉతికితే తొందరగా ఆరుతుందని. పక్క చేలో కోత అయిపోయింది కాబట్టి జేజి గొర్రెలు అక్కడే మేస్తున్నాయి. ఆమె గట్టు మీద నిలబడి మా వైపే చూస్తోంది. మిషన్ ఆయన ఎగతాళిగా అన్నాడు:

"ఏం జేజీ, మా మిషనుకి దిష్టి పెడ్తాండావా?"

"మిషన్ను సూడలేదప్పా. ఆయమ్మ కొంగు సూస్తాండా."

అమ్మ నవ్వి కొంగు నడుముకు దోపుకుంది.

మధ్యాన్నం కట్టె ఇరుక్కుని మిషన్ మూలిగింది. మిషన్ ఆయన ట్రాక్టరు వేగం తగ్గించి, ఆపకుండానే, అవతలి వైపు దిగి కట్టె లాగుతున్నాడు. షాఫ్టు మెల్లగా తిరుగుతోంది. మెల్లగా తిరిగే దానికి ఎవరు భయపడతారు? అమ్మ రాలిన బుడ్డలు ఎత్తడానికి దాని పక్కన వంగింది. దోపుకున్న కొంగు జారింది.

అమ్మ అరవలేదు. అది నాకు బాగా గుర్తు. కొంగును ఎవరో పిలిచి లాగినట్టు వెనక్కి తిరిగింది, అంతే. తర్వాత రెండు చేతులతో చీర పట్టుకుని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. చీర చిరగలేదు. కడ్డీకి చుట్టుకుంటూ పోతోంది. నేను అరిచాను. ఇంజను చప్పుడులో నా అరుపు నాకే వినపడలేదు. గట్టు దూకి జేజి వచ్చింది. అంత ముసలామె, అంత జ్వరం పడి లేచినామె, ఎలా వచ్చిందో తెలియదు. ఆమె చేతిలో చాకు ఉంది. బొటనవేలి గోరు గాడిలో ఉంది. ఎత్తింది.

రాలేదు.

జేజి మొహంలో వచ్చిన మార్పును నేను చూశాను. భయం కాదు. తెలిసినవాడే చెంప మీద కొట్టినట్టు. మళ్ళీ ఎత్తింది. గోరు విరిగి పక్కకు ఎగిరింది, చాకు సగం కూడా తెరుచుకోలేదు. మూడోసారి చాకును మిషన్ రేకుకేసి కొట్టి, రక్తం కారే వేళ్ళతో లాగింది. తెరుచుకుంది. నడుము దగ్గర చీరను ఒక్క వేటుకు కోసింది. అమ్మ వెనక్కి, నా మీదికి పడింది. అప్పటికే ఎడమచేతి చివరి రెండు వేళ్ళు చీరతో పాటు చుట్టుకుపోయాయి.

చివరికి మిషన్ ఆగింది. ఎవరు ఆపారో గుర్తులేదు. మిషన్ ఆయన ఎవరి మీదో ఒకరి మీద పడాలన్నట్టు అరిచాడు: "నువ్వేం ముసల్దానివి! తుప్పు పట్టిన చాకు నడుముకి కట్టుకోని ఊరంతా తిరుగుతావా? ఇంగొంచెం ముందర కోసింటే ఆయమ్మ ఏళ్ళు ఉంటాండె!"

జేజి చాకు వైపు చూసింది. తర్వాత, ఒక్క క్షణం, నా వైపు చూసింది. ట్రాక్టరును ఆపకుండా దిగినవాడు ఎవరని అడగలేదు.

అమ్మ అనంతపురం పెద్దాసుపత్రిలో ఉంది. రెండో రోజు సాయంత్రం నేను బట్టలు తీసుకుపోవడానికి ఊరికి వచ్చాను. జేజి కోడలు వచ్చి పిలిచింది. జేజి బండ మీద కూర్చుని ఉంది. వేలికి గుడ్డ చుట్టి ఉంది. పక్కన వేడినీళ్ళు, కుంకుడుకాయలు. చాకు నా ముందు పెట్టింది.

"కడుగు" అంది.

కడిగాను. కీలులోంచి నల్లటి నీళ్ళు రాలేదు. గోధుమరంగు బంక వచ్చింది, బెల్లం పాకం అడుగంటినట్టు, ఎర్రమట్టి కలిసి. చీపురుపుల్లకు అంటుకుని సాగింది. జేజి ఆ పుల్లను నా చేతిలోంచి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. పండక్కి చేసిన అప్పాలు డబ్బాలో మరిచిపోతే నెలకు వచ్చే కవురు వాసన. నాకు ఇంత దూరానికే తెలుస్తోంది.

"ఇది టైలరు నూనె కాదు."

నేను ఏడ్చాను. టైలరు ఊళ్ళో లేడని, ఇంటి నూనె వేశానని, మంచిదనుకున్నానని, అన్నీ ఒకేసారి చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. పుల్లను దూరంగా పారేసి, చాలాసేపు గొర్రెలను చూసింది.

"ఇప్పుడు ఎవురికీ చెప్పొద్దు. మీయమ్మ నొప్పిలో ఉండాది. ఈ పొద్దు ఆయమ్మకి నువ్వు కావల్ల. చెయ్యి మాననీ. మానినాక నువ్వే చెప్పు. నేను చెప్పను."

అమ్మ చెయ్యి మూడు నెలల్లో మానింది. మూడు వేళ్ళతో చేట పట్టడం, కొంగు దోపుకోవడం, జడ వెయ్యడం అన్నీ నేర్చుకుంది. నేను చెప్పలేదు.

ఊరు మాత్రం చెప్పుకుంది. జేజి చాకు పేరు మారిపోయింది. గిట్టలు చెక్కమని పక్క దొడ్లవాళ్ళు పిలవడం మానేశారు. రచ్చబండ దగ్గర మగవాళ్ళు ఆమె వినేలా అనేవాళ్ళు: "జేజీ, ఒకసారి చాకు తెరువు. నువ్వు తెర్సేలోపల మేం టీ తాగేసొస్తాం." నవ్వులు. ఆమె తల వంచుకుని గొర్రెల వెనక పోయేది. పగ్గం చుట్టుకున్నవాడిని ఆపి లెక్క అడగడం మానేసింది. అడిగితే వాడేమంటాడో ఆమెకు తెలుసు. సాయంత్రాలు చాకును ఇంటి లోపల కూర్చుని చూసుకునేదని కోడలు చెప్పింది. తలుపు దగ్గరికి వేసుకుని.

నేను కనిపించినప్పుడల్లా ఒక్కటే అడిగేది. డిగ్రీలో చేరి బస్సు కోసం నిలబడ్డ రోజు. దసరా సెలవులకు వచ్చిన రోజు. ప్రతి సెలవులకూ.

"పాపా, మీయమ్మ చెయ్యి మానిందా?"

ఆమె కళ్ళెదురుగానే మా అమ్మ అదే చేత్తో బుడ్డలు ఒలుస్తూ ఉండేది. ఆమె చూస్తూనే ఉండేది. అయినా అడిగేది. నేను నేల చూసి చెప్పేదాన్ని:

"ఇంగా లాగుతాంది జేజీ."

"సరే. నిదానంగా మాననీ."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే భయంగా ఉండేది. సెలవులు దగ్గర పడుతుంటే అందరూ ఇంటికి పోతామని సంబరపడేవాళ్ళు. నేను ఆ ప్రశ్న ఎక్కడ ఎదురుపడుతుందో అని లెక్కలు వేసుకునేదాన్ని. బస్సు ఒక స్టాపు ముందే దిగి, చుట్టు తిరిగి, చేలగుండా ఇంటికి పోయిన రోజులున్నాయి.

డిగ్రీ రెండో ఏడాది ఒక క్లాసులో మా సారు నూనెల గురించి చెప్పారు. గింజల నూనెలు గాలి తగిలితే మెల్లగా చిక్కబడి బంక కడతాయి, మిషన్ నూనె అలా మారదు, వాటి నిర్మాణమే వేరు అన్నారు. బోర్డు మీద గొలుసులా కార్బన్లు గీశారు. క్లాసంతా రాసుకుంటోంది. నేను పెన్ను మూశాను. నా రెండు చుక్కలు పన్నెండు రోజుల గాలిలో, దుమ్ములో ఏం చేశాయో బోర్డు మీద తెల్లగా రాసి ఉంది. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. అన్నిటికంటే బాగా రాసింది ఆ జవాబే. ఎవరికి చెప్పాల్సిన జవాబు ఎవరికి రాశానో!

మొన్న బస్సు దిగేసరికి మా వీధి నిండా జనం. అమ్మ పళ్ళెంలో చక్కెర పోసుకుని నిలబడింది, మూడు వేళ్ళతో అందరి చేతుల్లో పోస్తోంది. నాయన కొత్త పంచె కట్టుకున్నాడు. మిషన్ ఆయన కూడా వచ్చాడు. జేజి కోడలు గోడ పక్కన దూరంగా నిలబడింది, మైల కదా, చక్కెరకు చెయ్యి చాపలేదు. నన్ను చూసి ఆనందంగానే తల ఊపింది.

"చెప్పు పాపా! ఏం పాసయినావో అందరికీ నువ్వే చెప్పు. నాకి పలకడానికి రాదు" అంది అమ్మ.

దారి పొడుగునా అదే మాట ఎన్నిసార్లు చెప్పాను! నోరు తెరిస్తే వేరేది వచ్చింది. జ్వరం, చాకు, మూసిన టైలరు కొట్టు, పొయ్యి పక్క సీసా. ఒక్కటీ వదలకుండా చెప్పాను. చెయ్యి మానేదాకా ఆగమన్న మాట కూడా చెప్పాను. చాకు తుప్పు పట్టలేదని చెప్పాను. ఆ చాకు ఒక్కరోజు కూడా తుప్పు పట్టలేదు.

అమ్మ తన చేతిని చూసుకుంది.

"ఏ నూనె?" అంది.

"మనదే మా. పొయ్యికాడిది."

అమ్మ పళ్ళెం నాయన చేతిలో పెట్టింది. నా దగ్గరికి రాలేదు. నన్ను దాటుకుని మిషన్ ఆయన ముందుకు పోయి నిలబడింది.

"అన్నా, ఆ పొద్దు చేలో నువ్వొక మాట అన్న్యావు జేజిని. దాన్ని ఈ పొద్దు వాపసు తీసుకో. ఈడనే. అందరి ముందర."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలిపాడు. కోడలి వైపు తిరిగాడు. "తప్పు నాదేమ్మా. ట్రాక్టరు ఆపకుండా దిగింది నేను. ఆ మాట జేజి ఒక్కనాడు అనలేదు" అన్నాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. చక్కెర అందుకున్నవాళ్ళు తినాలో వద్దో తెలియక గుప్పెట మూసుకుని ఇళ్ళకు పోయారు.

ఇది రాస్తున్నది మూడో రోజు. అమ్మ నాకు వేళకు అన్నం పెడుతోంది. నాతో మాట్లాడడం లేదు. నిన్న సాయంత్రం పక్క ఊరి నుంచి మా అత్త వచ్చింది. గడపలోనే నిలబడి, "పాప పాసయ్యిందంట కదా వదినా!" అని అడిగింది. నేను లోపల గోడకు ఆనుకుని కూర్చున్నాను. అమ్మ పీట వాల్చిన చప్పుడయింది.

"పాసయ్యింది. అదొకటే కాదు, ఇంగొకటి కూడా ఉండాది. కూర్చో, రెండూ చెప్తా."